దాసుగారి గొంతుకి రెండు దారులు: మా రామాలయం మిక్సర్ డైరీ

ఉగాదికి పన్నెండు రోజుల ముందు

పాత 16 చానళ్ల అనలాగ్ మిక్సర్‌ని ఈ రోజు దించి అటక మీద పెట్టాం. దాని స్థానంలో కమిటీవాళ్లు సెకండ్‌హ్యాండ్‌లో బెరింగర్ ఎక్స్32 అనే డిజిటల్ మిక్సర్, దానికి జతగా ఎస్16 స్టేజ్ బాక్సు (స్టేజీ మీద మైకులు గుచ్చే పెట్టె) తెచ్చారు. మాది కోనసీమలో చిన్న ఊరు. ఉగాది నుంచి శ్రీరామనవమి దాకా తొమ్మిది రోజులూ గుళ్లో ఏదో ఒకటి ఉంటుంది. పొద్దున్నే సన్నాయి మేళం, సాయంత్రం భజన, రాత్రికి హరికథో బుర్రకథో. నవమి నాడు కల్యాణం. ఇన్నేళ్లూ వీటన్నిటికీ నా దగ్గర ఉన్నవి చానల్‌కి మూడు నాబ్‌లు, బాస్, మిడ్, ట్రెబుల్ అంతే.

పోయినేడు ఈ తొమ్మిది రోజుల్లో చవితి నాటి రాత్రి జరిగింది నేను మర్చిపోలేదు. హరికథ మధ్యలో మైకు కూత పెడుతుంటే ట్రెబుల్ బాగా తగ్గించేశాను. కూత ఆగింది. కానీ హరికథ చెప్పే దాసుగారు కాసేపటికి కథ ఆపి, నా వైపు తిరిగి, "బాబూ, నా గొంతు నాకే పరాయిగా వినబడుతోంది" అన్నారు. కోపంగా కాదు, ఇబ్బందిగా అన్నారు. జనం కోసం నేను కోసిన ట్రెబుల్ ఆయన గొంతు ఆయనకి వినిపించే, ముందున్న మానిటర్ స్పీకర్‌లో కూడా కోసుకుపోయింది మరి. డెబ్బై ఏళ్ల మనిషి ఆ రాత్రంతా ఆ పెట్టె మీదకి వంగి వంగి పాడారు. ఈ ఏడు ఆ పని సరిచేయాలి. డైరీ రాయడం మొదలుపెట్టింది అందుకే.

పది రోజుల ముందు

మిక్సర్ ఆన్ చేయకుండా రెండు సాయంత్రాలు నోట్‌బుక్‌లోనే గడిపాను. ఈ బోర్డులో 32 మైక్ ప్రీయాంప్‌లు (మైకు శబ్దాన్ని పెంచేవి), 16 మిక్స్ బస్సులు (చానళ్లని కలిపి ఒకచోటికి పంపే దారులు), 6 మాట్రిక్స్‌లు (ఆ మిక్స్‌లని మళ్లీ కలిపి పంపే దారులు) ఉన్నాయి. అనలాగ్ మిక్సర్‌లో ఏ సాకెట్‌లో గుచ్చితే ఆ చానల్‌కే వస్తుంది. ఇందులో సాకెట్ వేరు, చానల్ వేరు. ఏ సాకెట్ ఏ చానల్‌కి రావాలో, ఏ మిక్స్ ఏ అవుట్‌పుట్‌కి పోవాలో మనమే చెప్పాలి. చెప్పకపోతే అది ముందు ఎవరు ఏం చెప్పారో అదే చేస్తుంది.

అందుకని ముందు మనుషుల్ని రాసుకున్నాను. దాసుగారు, వయొలిన్, మృదంగం కుడి, మృదంగం ఎడమ, హార్మోనియం, శ్రుతిపెట్టె, గజ్జెల మైకు. తర్వాత సన్నాయి రెండు, డోలు రెండు, పురోహితులు, బుర్రకథ ముగ్గురు. మొత్తం పదహారులో సరిపోయాయి. స్టేజ్ బాక్సుకి ఉన్నదీ 16 ఇన్‌పుట్‌లే.

ఆ తర్వాత చెవుల్ని రాసుకున్నాను. ఇదే ఎక్కువసేపు పట్టింది. పందిట్లో కూర్చున్నవాళ్లు, పందిరి చివర నిలబడ్డవాళ్లు, దాసుగారు, పక్కవాద్యాలవాళ్లు, వీధి చివర గొట్టాల మైకు కింద ఇళ్లవాళ్లు, లైవ్ చూసే మా ఊరి పిల్లలు. ఆరు రకాల చెవులు. ఒక్కొక్కరికి కావలసింది ఒక్కొక్కటి.

వారం ముందు

ఈ రోజు రెండు గంటలు పోయాయి, తప్పు నాదే. దాసుగారి మానిటర్‌ని బస్ 1 మీద, పక్కవాద్యాలకి బస్ 2 మీద పెట్టాను. రౌటింగ్ పేజీలో అవుట్ 1కి మిక్స్ బస్ 1 అని ఇచ్చాను. బస్ మీటర్ ఆడుతోంది. స్టేజీ మీద మాత్రం నిశ్శబ్దం. యాంప్లిఫయర్ మార్చాం, స్పీకర్ వైరు మార్చాం, చివరికి మానిటర్ పెట్టె విప్పే దాకా వచ్చాం.

సంగతి ఏమిటంటే, అవుట్ 1 అని మనం రాసింది బోర్డు లోపలి మాట. ఆ అవుట్ 1 స్టేజ్ బాక్సు దాకా పోవాలంటే ఏఈఎస్50-ఎ (స్టేజ్ బాక్సు కేబుల్ తగిలించే పోర్టు) ట్యాబ్‌లో మొదటి ఎనిమిదింటి ఎదురుగా "అవుట్ 1-8" అని ఉండాలి. ఈ బోర్డుని ముందు వాడినవాళ్లు అక్కడ "లోకల్ 1-8" పెట్టుకున్నారు. అంటే బోర్డు వెనక ఖాళీగా ఉన్న మైక్ సాకెట్లు స్టేజ్ బాక్సు అవుట్‌పుట్‌లకి పోతున్నాయి. ఆ ఒక్క గడి మార్చగానే మానిటర్ పలికింది.

సెకండ్‌హ్యాండ్ బోర్డు ఎవరు కొన్నా మొదటి రోజే రీసెట్ చేసి, రౌటింగ్ ట్యాబ్‌లన్నీ ఒక్కొక్కటి తెరిచి చదువుకోండి. అప్పటిదాకా ఈక్యూ (ఏ ఫ్రీక్వెన్సీ ఎంత ఉండాలో సర్దే భాగం) జోలికి పోవద్దు. దారి తప్పిన శబ్దానికి ఎన్ని ఫ్రీక్వెన్సీలు కోసినా ప్రయోజనం లేదు.

పాడ్యమి

పొద్దున ఆరింటికి సన్నాయి మొదలైంది. పది నిమిషాలకోసారి టక్ టక్ మని శబ్దం. స్టేజ్ బాక్సుకి వేసిన 40 మీటర్ల నెట్‌వర్క్ కేబుల్‌కి షీల్డ్ లేదు. కొన్నప్పుడు ఉందని నమ్మాను, కొస కత్తిరించి చూస్తే లేదు. మధ్యాహ్నం రాజమండ్రి వెళ్లి షీల్డ్ ఉన్న క్యాట్5ఇ తెచ్చి మార్చాం. మళ్లీ ఆ శబ్దం రాలేదు.

ఇంకో ఇబ్బంది ఫోన్‌లో వచ్చింది. ఇక్కడ పొద్దున ఆరంటే న్యూజెర్సీలో ముందు రోజు రాత్రి ఎనిమిదిన్నర. అక్కడున్న మా పెదనాన్నగారి అబ్బాయి లైవ్ పెట్టుకుని, "అన్నయ్యా, భక్తుల మాటలు వినబడుతున్నాయి గానీ సన్నాయి ఎక్కడో దూరంగా ఉంది" అన్నాడు. నిజమే. సన్నాయికీ డోలుకీ మా పందిట్లో మైకే అక్కర్లేదు. అందుకని వాటి ఫేడర్లు (శబ్దం పెంచి తగ్గించే జారుడు మీటలు) దాదాపు కిందే ఉంచాను. లైవ్‌కి మెయిన్ మిక్సే పోతోంది కాబట్టి అక్కడా అంతే.

బస్ 9, 10 స్టీరియో జతగా కలిపి లైవ్ కోసం కేటాయించాను. ప్రతి చానల్ నుంచీ దానికి ప్రీ ఫేడర్ సెండ్, అంటే ఫేడర్ కంటే ముందే తీసి పంపే శబ్దం. ఇప్పుడు పందిట్లో ఫేడర్ ఎంత దించినా లైవ్‌లో సన్నాయి నిండుగా ఉంటుంది. సన్నాయి మైకుని గొట్టం కొసకి ఎదురుగా కాకుండా ఒక మీటరు దూరాన, కొంచెం పక్కకి పెట్టాం. 3 కిలోహెర్ట్జ్ దగ్గర వెడల్పుగా 3 డెసిబెల్స్ (డీబీ) తగ్గించాను. హెడ్‌ఫోన్‌లో వినేవాళ్లకి రీడు గీరుకోకుండా ఉండటానికి అంత చాలు. ఇంకా తగ్గిస్తే సన్నాయి కాస్తా క్లారినెట్‌లా అయిపోతోంది.

తదియ

రేపు హరికథ. మృదంగం ఆయన ఒక రోజు ముందే వచ్చారు, అది మా అదృష్టం. తొప్పికి (మృదంగం ఎడమ వైపుకి) రవ్వ ముద్ద అద్దుతుంటే పక్కనే కూర్చుని చూశాను. తడి చేసిన బొంబాయి రవ్వని వేలితో గుండ్రంగా పరిచి, ఒక్కో దెబ్బ కొట్టి వింటూ, చిటికెడు తీస్తూ, చిటికెడు వేస్తూ ఒక పావుగంట చేశారు. ఈయన చేతిలో ఉన్నదీ ఈక్యూనే.

కుడి, ఎడమ రెండు మైకులు పెడితే విడివిడిగా బాగున్నాయి, కలిపితే తొప్పి గుమ్మన్న నాదం మాయమైంది. రెండు మైకులూ ఒకదానికొకటి ఎదురుగా చూస్తుంటాయి కాబట్టి ఒకదానిలో వచ్చిన అల రెండోదాన్ని కొట్టేస్తోంది. ఎడమ చానల్‌లో అలని తలకిందులు చేసే పోలారిటీ బటన్ నొక్కాను. ఈక్యూ ముట్టుకోకుండానే అడుగు నాదం తిరిగి వచ్చింది. కుడి వైపు 300 హెర్ట్జ్ దగ్గర మొద్దుగా ఉందని కోయబోయాను. ఆయన చెయ్యెత్తి "ఆగండి, శ్రుతి పలచబడుతోంది" అన్నారు. వెనక్కి పెట్టేశాను.

చవితి

దాసుగారు సాయంత్రం నాలుగింటికే వచ్చారు. కాలర్ మైకు పెడితే మెడలో పూలదండ రాసుకుని గరగరమంటుంది, పోయినేడు అదో బాధ. ఈసారి చెంప దగ్గరకి వచ్చే హెడ్‌సెట్ మైకు పెట్టాం.

అడుగు స్వరాల్ని కోసే లో కట్ దగ్గరే ఆగిపోయాను. మగ గొంతుకి 120 హెర్ట్జ్ పెట్టమని చాలా వీడియోల్లో చెప్తారు, నేనూ అదే పెట్టాను. దాసుగారి శ్రుతి ఒకటిన్నర, అంటే ఆధార షడ్జం దాదాపు 139 హెర్ట్జ్. ఆయన కిందికి దిగి మంద్ర పంచమం మీద నిలబడితే అది 104. నేను 120 దగ్గర కత్తి పెడితే ఆ పంచమం సగం తెగిపోతుంది. ఆయన పాడుతుండగా లో కట్‌ని 120 నుంచి మెల్లగా దించుతూ వచ్చాను. 85 దగ్గర గొంతు కింద నేల దొరికినట్టయింది. గాయకుడి శ్రుతి అడగకుండా లో కట్ పెట్టకూడదని నాకు ఎవరూ చెప్పలేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను: ముందు శ్రుతి అడగండి, షడ్జాన్ని ముప్పావుతో గుణించండి, లో కట్ దానికంటే కింద ఉంచండి.

ఇక చిడతలు. హరికథ మైకుల్లేని కాలంలో పెరిగిన కళ. ఆదిభట్ల నారాయణదాసుగారు (1864–1945) కాలికి గజ్జె, చేతిలో చిడతలతో వేల మంది మధ్య నిలబడి కథ చెప్పింది గొంతు బలం మీదే. పందిరి చివరి వరుసకి తాళం చేరాలంటే చిడతకి ఆ కోసు గొంతు ఉండాలి. అదే చిడత ఇప్పుడు మైకుకి జానెడు దూరంలో మోగుతుంటే ముందు వరుస పెద్దవాళ్లు చెవులు మూసుకుంటున్నారు. 4.5 కిలోహెర్ట్జ్ దగ్గర కోస్తే చిడత తగ్గింది గానీ దాసుగారి స, శ, చ అన్నీ మూసుకుపోయాయి. కథ చెప్పేవాడికి అక్షరం పోతే ఇంకేముంది. అందుకని ఈక్యూ వదిలేసి, ఎఫెక్ట్స్ ఆరో స్లాట్‌లో డ్యూయల్ డీ-ఎస్సర్ వేసి చానల్ 1కి ఇన్‌సర్ట్ చేశాను. చిడత పడ్డ క్షణమే అణుగుతుంది, మిగతా సమయం గొంతు గొంతులాగే ఉంటుంది.

ఇప్పుడు అసలు పని. పందిట్లో కూత రాకుండా 3.2 కిలోహెర్ట్జ్ దగ్గర 4 డీబీ, 250 హెర్ట్జ్ దగ్గర 3 డీబీ తగ్గించక తప్పలేదు. అవి మానిటర్‌లోకి పోకూడదు. మానిటర్ సెండ్ ప్రీ ఫేడర్ అయినా సరే, అది ఈక్యూ దాటిన తర్వాతి మజిలీ. సెండ్‌ని ప్రీ ఈక్యూకి మార్చుకునే వీలుంది, కానీ అప్పుడు మానిటర్‌కి ఏ ఈక్యూ లేని పచ్చి గొంతు పోతుంది. బస్ మీద ఆరు బ్యాండ్ల ఈక్యూ ఉందిగా అంటే, అది ఆయన పెట్టెలో వచ్చే వయొలిన్‌నీ శ్రుతినీ కూడా కోస్తుంది.

అందుకే ఒకే మైకుని రెండు చానళ్లకి ఇచ్చాను. చానల్ 25 కాన్ఫిగ్ పేజీలో సోర్స్‌ని ఇన్ 01గా మార్చాను. అంతే, దాసుగారి గొంతు చానల్ 1లోనూ ఉంది, 25లోనూ ఉంది. 25ని మెయిన్ నుంచి తీసేసి బస్ 1, 2లకి మాత్రమే పంపాను. చానల్ 1 నుంచి ఆ బస్సులకి పోయే సెండ్లు పూర్తిగా దించేశాను. చానల్ 1 జనానికి, 25 ఆయనకి. 25లో లో కట్ 120 పెట్టాను. చెక్క స్టేజీ మీద మానిటర్ గుమ్మని మోగుతోంది, తన అడుగు స్వరం ఆయనకి ఒంట్లోంచే వినిపిస్తుంది కాబట్టి నష్టం లేదు. 3.2ని ముట్టుకోలేదు. మానిటర్ మెల్లగా పెంచుతూ పోతే 2.1 కిలోహెర్ట్జ్ దగ్గర మొదటి కూత వచ్చింది. అక్కడ మాత్రం సన్నగా, క్యూ (కోత ఎంత సన్నగా ఉండాలో చెప్పే అంకె) 8తో 6 డీబీ తీశాను.

రాత్రి రెండు తప్పులు చేశాను. కథ వేడెక్కాక గొంతు చాలట్లేదని చానల్ 1 గెయిన్ పెంచాను. ప్రీయాంప్ ఒక్కటే కదా, 25లోనూ పెరిగి మానిటర్ కూత పెట్టింది. గెయిన్ సాయంత్రమే తేల్చుకోవాలి, తర్వాత ఫేడర్ తప్ప ముట్టుకోకూడదు. రెండోది, దాసుగారు మంచినీళ్లకి ఆగినప్పుడు చానల్ 1 మ్యూట్ చేశాను, ఆయన దగ్గు మానిటర్‌లోంచి గట్టిగా వచ్చింది. అప్పటికప్పుడు రెండు చానళ్లనీ ఒకే మ్యూట్ గ్రూప్‌లో వేశాను.

ఇవి రెండూ పోను, రెండున్నర గంటల కథలో దాసుగారు ఒక్కసారి కూడా మానిటర్ వైపు వంగలేదు. సీతాకల్యాణం ఘట్టంలో స్టేజీ అంచు దాకా నడిచి వచ్చి, పిల్లల ముందు మోకాలి మీద కూర్చుని పాడారు. నా కళ్లు చెమర్చాయి.

పంచమి

గజ్జెల మైకు గురించి చాలామంది అడిగారు. స్టేజీ అంచున నేల మీద మడిచిన దుప్పటి, దాని మీద చిన్న కండెన్సర్ మైకు. లో కట్ 400 హెర్ట్జ్ దాకా పోతుంది, అంత చివరికీ తిప్పేశాను. అడుగుల దబదబ పోయి గజ్జె మాత్రం మిగిలింది. 6 కిలోహెర్ట్జ్ చుట్టూ 3 డీబీ పెంచాను. ఫేడర్ చాలా కిందే ఉంటుంది, దాసుగారు నిలబడి కథ చెప్పేటప్పుడు మూసేసి, అడుగు వేసే దరువు వచ్చినప్పుడు తెరుస్తాను.

షష్ఠి

పందిరి చివరి స్పీకర్లకి డిలే (శబ్దాన్ని కాస్త ఆలస్యంగా పంపడం) పెట్టాం. ముందు స్పీకర్ల నుంచి 18 మీటర్లు. ఈ ఎండల్లో 35 డిగ్రీలకి శబ్దం సెకనుకి 352 మీటర్లు పోతుంది కాబట్టి 51 మిల్లీసెకన్లు. దాని మీద ఇంకో 10 కలిపాను, అప్పుడు మాట వెనక పెట్టెలోంచి కాక స్టేజీ మీంచే వస్తున్నట్టు ఉంటుంది. ఇది మాట్రిక్స్ 2.

మాట్రిక్స్ 1 వీధి గొట్టాలకి. ఇన్నేళ్లూ మృదంగంతో సహా మొత్తం శబ్దం వాటిలోకి తోసి, ఏటా ఒకటో రెండో డయాఫ్రమ్‌లు పోగొట్టుకున్నాం. గొట్టం మైకు అడుగు స్వరాలు పలకలేదు, వాటితో దెబ్బ మాత్రం తింటుంది. మాట్రిక్స్ ఈక్యూలో 400 కింద కోసేశాను, 2.5 కిలోహెర్ట్జ్ దగ్గర 4 డీబీ దించాను. మాట స్పష్టంగా ఉంది, వీధివాళ్లకి తలనొప్పి తగ్గింది.

ఈ మాట్రిక్స్ వల్ల ఇంకో మేలు. శబ్ద కాలుష్య నియమాలు, 2000 ప్రకారం రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా లౌడ్‌స్పీకర్ వాడకూడదు. పండగలకి అర్ధరాత్రి దాకా ప్రభుత్వం సడలింపు ఇవ్వొచ్చు, అదీ ఏడాదికి 15 రోజులు మించకుండా. ఆ సడలింపు ఉన్నా సరే, వీధి గొట్టాలు పదికి ఆగిపోవాలని కమిటీతో గట్టిగా చెప్పాను. పరీక్షలు రాసే పిల్లలున్న ఇళ్లు అవి. తొమ్మిది యాభై అయిదుకి మాట్రిక్స్ 1 ఫేడర్ మెల్లగా దించి మ్యూట్ నొక్కుతున్నాను. పందిట్లో కథకి చిన్న అంతరాయం కూడా లేదు.

సప్తమి

బుర్రకథ. కథకుడి వేలికున్న అందెలూ, వంతలవాళ్ల గుమ్మెటలూ ఆయన గొంతు మైకులోకే వచ్చేస్తున్నాయి. ముగ్గురూ ముందుకీ వెనక్కీ అడుగులేస్తారు కాబట్టి దాన్ని ఆపలేం, ఆపకూడదు కూడా. వంతలిద్దరినీ ఒక డీసీఏ (కొన్ని చానళ్లని కలిపి నడిపే ఒకే ఫేడర్) కింద పెట్టి, వాళ్లు వంత అందుకున్నప్పుడల్లా ఒక్క వేలితో లేపాను. ఈక్యూ పెద్దగా పని పడలేదు.

నవమి

పానకం, వడపప్పు వరసలో జనం తోసుకుంటున్నారు. ప్రకటనలు వీధికే వినబడాలి, పందిట్లో మంత్రాల మీద పడకూడదు. చానల్‌ని నేరుగా మాట్రిక్స్‌కి పంపడం కుదరదు, మధ్యలో బస్సు ఉండాలి. ప్రకటన మైకుని మెయిన్ నుంచి తీసి బస్ 6కి పంపి, ఆ బస్‌ని మాట్రిక్స్ 1కి మాత్రమే ఇచ్చాను.

ముహూర్తం దగ్గరపడుతుంటే చేతులు చల్లబడ్డాయి. గట్టిమేళం అనగానే డోళ్లు, సన్నాయిలు ఒక్కసారి ఎగుస్తాయి. ఏటా ఆ హోరులో మాంగల్యధారణ మంత్రం ఎవరికీ వినబడదు. ఈసారి పందిరి మిక్స్‌లో మేళం ఫేడర్లు నాలుగూ ముందే పూర్తిగా దించి ఉంచాను. మేళం తన సొంత గొంతుతోనే పందిరి నింపింది, స్పీకర్లలో పురోహితుల మాట ఒక్కటే. "మాంగల్యం తంతునానేన" చివరి వరుస దాకా చేరింది. వెనక స్పీకరు కింద నిలబడ్డ మా అమ్మ అక్షింతలు సరిగ్గా ఆ మాటకే వేసింది. లైవ్‌లో బస్ 9, 10 మీద మేళం, మంత్రం రెండూ ఉన్నాయి.

దశమి

సీన్ (బోర్డు సెట్టింగులన్నీ) సేవ్ చేసి పెన్‌డ్రైవ్‌లోకి కాపీ తీశాను. నోట్‌బుక్‌లోని రౌటింగ్ పేజీలకి ఫొటోలు తీసి కమిటీ గ్రూపులో పెట్టాను, నేను లేకపోయినా ఇంకొకరు నడపగలగాలి. కేబుల్ 40 మీటర్లూ తుడిచి, చుట్టి, కొసలకి మూతలు పెట్టాం.

తొప్పి పని మాత్రం మిగిలిపోయింది. రవ్వ ముద్ద ఆరేకొద్దీ ఆ నాదం పైకి జరుగుతోంది, సాయంత్రం పెట్టిన ఈక్యూ రాత్రి పదింటికి సరిపడట్లేదు. దసరాకి మృదంగం ఆయన మళ్లీ ఒక రోజు ముందే వస్తానన్నారు. తడి ముద్దకి ఒకటి, ఆరాక ఒకటి, రెండు సెట్టింగులు చానల్ ప్రీసెట్‌లుగా దాచుకుందామని అనుకున్నాం.